ఆరో నంబరు మంచానికి ఒప్పగింతలు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పే మనిషిని. మా సందులో మోరీ పొంగితే గోదావరికి వరదొచ్చిందని రాసినవాణ్ణి. నేను తుమ్మితే పక్కవీధిలో తలుపులు కొట్టుకున్నాయని నలుగురిలో చెప్పుకున్నవాణ్ణి. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేసి, ఆ పావు భాగాన్ని పక్కింటివాళ్ళను అడిగి రూఢి చేసుకుంటుంది. కాబట్టి ఈ కింద రాసేదంతా పెంచి రాసిందే. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో చెప్తాను. మధ్యలో లేచిపోయేవాళ్ళు అబద్ధాన్ని నిజమనుకుని ఇంటికి పట్టుకుపోతారు. ఆ పాపం నాది కాదు.

మొన్న మా బావమరిదికి రక్తపరీక్ష అంటే తోడుగా కరీంనగర్‌లో ఒక ల్యాబుకు పోయాను. అక్కడ గోడకు ఒక కాగితం అంటించి ఉంది. సున్నా నుంచి పది దాకా వరుసగా మొహాల బొమ్మలు. సున్నా మొహం నవ్వుతోంది, పదో మొహం కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. "మీ నొప్పి ఎంత?" అని పైన రాసి ఉంది. అది చూసి నేను ఒక్కసారిగా నవ్వాను. ఎంత నవ్వానంటే, కౌంటరు దగ్గరి అమ్మాయి మా బావమరిదిని వదిలేసి, "సార్‌కు ఏం టెస్టు చేయాలె?" అని అడిగింది. నాకేం టెస్టు వద్దమ్మా అన్నాను. ఆ మొహాలు చూస్తే, ఒకప్పుడు దవాఖానలో నన్ను చూసుకున్న నర్సు, సిస్టరమ్మ గుర్తుకొచ్చింది.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. రాయొద్దని ఆమే చెప్పింది. "నా పేరు రాయకు సారు. నువ్వు రాస్తె నాకు నాలుగు చేతులు పెడ్తవు. మా పాస్టరయ్య ఊకోడు" అంది. చొప్పదండి దగ్గర మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం వాళ్ళది. నాలుగు చేతులు పెట్టాలనే నాకూ ఉండేది. ఆమె చేసే పనికి రెండు ఎట్లా సరిపోయేవో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎత్తు నిండా అయిదడుగులు ఉండదు. కానీ ఆమె వార్డులోకి వస్తుంటే ఫ్యాన్లు వేగం పెంచుకునేవి. తెల్ల చెప్పుల చప్పుడు వినబడగానే సెలైన్ చుక్కలు బడిపిల్లల్లా వరుసలో నిలబడి పడేవి. గుండెల మీద పిన్నుతో తలకిందులుగా పెట్టుకున్న చిన్న గడియారం ఒకటి ఉండేది. మనకు తలకిందులు, వంగి చూసుకునే ఆమెకు సరిగ్గా. నా నాడి పట్టుకుని ఆమె దాన్ని చూస్తుంటే, ఆలస్యమైందని నా రక్తం పరుగెత్తేది. థర్మామీటరు అందరికీ చంకలో పెట్టేది, నాకు మాత్రం నోట్లో పెట్టేది. అది జ్వరం కోసం కాదని నా అనుమానం.

కొన్నేళ్ళ కింద కడుపునొప్పితో నన్ను కరీంనగర్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారు. కుడివైపు కింద, అపెండిక్స్ అనుమానం. మందులతో తగ్గుతుందేమో వారం పది రోజులు చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు డాక్టరు. పన్నెండు మంచాల వార్డు. నాది ఆరో నంబరు. మొదటి రోజే సిస్టరమ్మ అడిగింది.

"నొప్పి పదిల ఎంతున్నది సారు?"

"నలభై."

"పదిల అడుగుతున్న."

"పదిలోనే నలభై సిస్టర్."

ఆమె చార్టులో ఏదో రాసుకుని ఏడో నంబరుకు పోయింది. మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు అసలు సంగతి బయటపడింది. మిగతా నర్సులు డ్యూటీ దిగేటప్పుడు టేబుల్ దగ్గర నిలబడి, "అందరు మంచిగనే ఉన్నరు" అని వచ్చేవాళ్ళకు ఒక మాట చెప్పి, పర్సు తగిలించుకుని పోయేవాళ్ళు. ఈమె అట్లా కాదు. వచ్చిన నర్సును మంచం మంచానికీ తిప్పేది. పేషెంటు ముందే, పేషెంటు వినేటట్టు చెప్పేది. చెప్పి, పేషెంటునే అడిగేది, "నేను చెప్పిన దాంట్ల తప్పున్నదా?" అని. పెళ్ళిలో ఆడపిల్లను అత్తగారి చేతిలో పెట్టడాన్ని మా దిక్కు ఒప్పగింతలు అంటారు. వార్డులో అందరం దీన్నీ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళం. రోజుకొకసారి నన్ను అత్తగారింటికి పంపినట్టే ఉండేది. ఒకసారి ఏడుపు కూడా వచ్చింది.

"ఆరో నంబర్," అని నన్ను ఒప్పజెప్పింది. "కడుపునొప్పి. సారు కథలు రాస్తడట. నొప్పి ఎంతంటె నలభై అంటడు. పదితోని భాగించి రాసుకో."

"సిస్టర్, నా ముందే నా పరువు తీస్తున్నారు."

"పరువు ముచ్చట గాదు సారు, గిది డోసు ముచ్చట. నువ్వు నలభై అన్నవని నలభైకి సూదిస్తె, రేపు భాగిద్దామంటె నువ్వుండవు."

నా పక్కన స్టూలు మీద కూర్చున్న మా ఆవిడ నుదురు కొట్టుకుంది. "అక్కా, గీ లెక్క నాకు ముందే చెప్తే ఇరవై ఏండ్లు మంచిగ నిద్రవోదును."

నాకు ఇంకో పిచ్చి ఉంది. ఎక్కడికి పోయినా ఆ చోటి గుట్టు పట్టుకుని రాసుకోవాలి. ఒకరోజు సెలైన్ మారుస్తుంటే మెల్లిగా కదిపాను. "సిస్టరమ్మా, ఈ డాక్టరు ఎసొంటి మనిషి?"

"కుట్లు సక్కగేస్తడు."

"అది కాదు. మనిషి?"

"కుట్లు సక్కగేస్తడని చెప్పిన గద."

అంతకుముందు ఆమె హుస్నాబాద్‌లో ఒక దవాఖానలో చేసి వచ్చిందట. ఇక్కడ చేరిన మొదటి రోజు ఈ డాక్టరు కూడా నాలాగే, "అక్కడ ఎట్లుండె? ఏమేం నడుస్తయి ఆడ?" అని ఆరా తీశాడట. "గక్కడి ముచ్చట్లు గక్కడనే ఒప్పజెప్పి వచ్చిన సార్" అందట. ఆ మాటకు డాక్టరు మొహం మాడ్చుకున్నాడని, వార్డు తుడిచే ఆయమ్మ చెప్పింది. ఆయమ్మే నాకు రాయిటర్సూ బీబీసీ అన్నీ.

ఇక అసలు సంగతి. ఆ రోజుల్లోనే సిస్టరమ్మకు సర్కారు నర్సు ఉద్యోగం వచ్చింది. జైనూర్ సర్కారు దవాఖానలో. ఎన్నోసార్లు పరీక్ష రాసి, తప్పి, రాసి, తప్పి, ఈసారి వచ్చింది. వయసు పరిమితి దాటే ముందు ఆమెకు ఇదే ఆఖరు. ఫలానా తారీఖు సాయంత్రం అయిదు లోపల జైనూర్‌లో సంతకం పెట్టాలి. పెట్టకపోతే పోస్టు పోతుంది. ఆ కాగితం వచ్చిన రోజున పన్నెండు మంచాల మీద పన్నెండు మంది సంబరపడ్డాం. ఒకాయన ఆక్సిజన్ గొట్టం తీసి మరీ శుభాకాంక్షలు చెప్పాడు. ఆమె ఆయన గొట్టం పెట్టాక థాంక్స్ చెప్పింది.

సంబరపడనిది డాక్టరు ఒక్కడే. "ఇంకో మనిషి దొరికినంక పో" అన్నాడు. ఆమె పనిలో చేరిన రోజునుంచీ సర్టిఫికెట్లు ఆయన బీరువాలోనే ఉన్నాయి. అవి లేకుండా జైనూర్‌లో చేర్చుకోరు. రోజులు తారీఖు వైపు నడుస్తున్నాయి. ఆయమ్మ ఒకరోజు ఆమె చెవిలో, అంటే వార్డంతా వినబడేటట్టు, చెప్పింది. "సారు పండుకున్నప్పుడు బీరువ తాళంచెయ్యి నేను తెస్త. కాయితాలు తీస్కొని చెప్పకుంట బస్సెక్కు."

"చెప్పకుంట పోతె," అని సిస్టరమ్మ మా అందరినీ చూపించింది, "గీ పన్నెండు మందిని ఎవలకు ఒప్పజెప్పి పోవాలె?"

చివరికి తారీఖుకు ఒక్కరోజు ముందు మనిషి దొరికాడు. దుబాయిలో ఎనిమిదేండ్లు నర్సుగా చేసి తిరిగొచ్చిన జగిత్యాల దిక్కు మనిషి. మగ నర్సును బ్రదర్ అంటారు. ఈ బ్రదర్ వార్డులోకి రాకముందే ఆయన సెంటు వచ్చింది. స్పిరిట్ వాసన సిగ్గుపడి కిటికీలోంచి దూకింది. ఆయన ప్రతి మాటా దుబాయిలో మొదలయ్యేది.

"దుబాయిల అయితే బీపీ దానంతటదే కంప్యూటర్లకు పోతది అక్కా. రాసుడే ఉండది."

"గీడ కంప్యూటర్‌వు నువ్వే తమ్మి. రాసుకో."

మర్నాడు తారీఖు. పొద్దున్న తొమ్మిదిన్నరకు బస్సు. అది ఎక్కితే మూడు, నాలుగు గంటలకు జైనూర్. తర్వాతి బస్సుకు పోతే ఆఫీసుకు తాళం. ఆమె చీర కట్టుకుని, బ్యాగు పట్టుకుని ఎనిమిదింటికే వచ్చింది. సర్టిఫికెట్లు ఇంకా చేతికి రాలేదు. డాక్టరు ఇల్లు దవాఖాన మీది అంతస్తులోనే. కిందికి దిగలేదు. "తొమ్మిది దాక చూస్త, లేదంటె మీదికి పోయి అడుగుత" అని, బ్రదర్‌ను వెంటబెట్టుకుని ఆఖరు ఒప్పగింతలు మొదలుపెట్టింది.

మూడో నంబరు దగ్గర ఆగిపోయింది బండి. ఆ మంచం మీద షుగర్ ఉన్న ముసలవ్వ. సిస్టరమ్మ చేతి సూది తప్ప ఇంకొకరిది ముట్టనివ్వదు.

"నువ్వు పోతె నాకు సూది ఎవలిస్తరు బిడ్డా? గా మొగోని చేతుల నేను తీసుకోను. నీ నంబరియ్యి, నేను జైనూరుకే వస్త."

"సూది కోసం జైనూరు దాక వస్తవా అవ్వా? గీ తమ్ముని చెయ్యి నా చేతికంటె అల్కగుంటది. దుబాయిల షేకులకు ఇచ్చిండు."

అవ్వ బ్రదర్‌ను పైనుంచి కిందికి చూసింది. "షేకులకా?"

"మరేందనుకున్నవు!"

బ్రదర్ సూది పట్టుకున్నాడు. ఆయన చేయి వణుకుతోంది. సిస్టరమ్మ వచ్చి సరిగ్గా ఆ చేతికీ అవ్వ కళ్ళకూ మధ్య నిలబడి, అవ్వ భుజం పట్టుకుంది. సూది అయిపోయింది.

"చీమ కుట్టినట్టు గూడ లేదు," అని అవ్వ ఒప్పుకుంది. కాసేపు ఆలోచించి బ్రదర్‌ను అడిగింది. "మరి షేకు ఏడ్చిండా?"

తర్వాత నా మంచం. ఇక్కడ నా సంగతి చెప్పాలి. రాత్రంతా నొప్పితో దొర్లాను. తెల్లవారి ఏడింటికి, నల్లా కట్టేసినట్టు, నొప్పి టక్కున పోయింది. నేను మొహం కడుక్కుని, తల దువ్వుకుని, సిస్టరమ్మకు వీడ్కోలు ఉపన్యాసం తయారు చేసుకుని కూర్చున్నాను.

"ఆరో నంబర్," అంది. "నొప్పెంత సారు?"

"సున్నా సిస్టరమ్మా! మీరు పైలంగ పోయి రండి."

బ్రదర్ సంతోషంగా సున్నా రాశాడు. సిస్టరమ్మ రాయలేదు. చేతిలో బ్యాగు నా మంచం మీద, కాళ్ళ దగ్గర పెట్టింది.

"మల్ల చెప్పు."

"సున్నా."

"రాత్రి ఎంతుండె?"

"డెబ్బై."

"గిప్పుడు?"

"లేదంటున్న గదా. ఒంట్లో జర నీరసం, గంతే."

ఆమె నా కడుపు మీద చేయి పెట్టి నొక్కింది. వార్డు పైకప్పు లేచిపోయేటట్టు అరిచే నేను, గాలి పీల్చుకుని ఊరుకున్నాను. ఆమె నా నాడి పట్టుకుని గడియారం చూసింది. బ్రదర్ వైపు తిరిగింది.

"రాసుకో తమ్మి. గీ సారు నొప్పి ఎక్కువంటె పరేషాన్ గాకు. తక్కువంటె డాక్టర్‌ను పిలువు."

"దుబాయిల అయితే..." అంటూ బ్రదర్ కూడా చేయి పెట్టాడు. దుబాయి అక్కడే ఆగిపోయింది. "అక్కా, కడుపు పలక లెక్క గట్టిగున్నది."

లోపల అపెండిక్స్ పగిలింది. పగిలినప్పుడు కాసేపు నొప్పి పోయినట్టే ఉంటుందట. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆమెకు అప్పుడే తెలుసు.

మీదికి ఫోన్ చేసింది. డాక్టరు కట్ చేశాడు. రెండోసారీ కట్ చేశాడు. సర్టిఫికెట్ల కోసమే చేస్తోందనుకున్నాడు. మూడోసారి ఫోన్‌కు బదులు, మీద ఇల్లు ఊడవడానికి పోయిన ఆయమ్మ దిగొచ్చింది, చేతిలో గోధుమరంగు కవరు.

"అన్ని కాయితాలు ఇచ్చిండు బిడ్డా. ఇగ ఫోన్ జేయొద్దన్నడు."

తొమ్మిదైంది. మా ఆవిడ లేచి ఆమె చేయి పట్టుకుంది. "అక్కా, కాయితాలొచ్చినయ్ గద. నువ్వు పో. బస్సు పోతది. బ్రదర్ ఉన్నడు." నేను కూడా పొమ్మనే చెప్దామనుకున్నాను. నా జీవితంలో మొదటిసారి మాట రాలేదు.

సిస్టరమ్మ కవరు బ్యాగులో పెట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని, బ్రదర్‌ను నా దగ్గర నిలబెట్టి తలుపు దాటింది. అక్కడ మెట్లు. కిందికి పోతే బస్టాండు. ఆమె మీదికి ఎక్కింది.

మీద ఏమందో, వెనకాలే పోయిన ఆయమ్మ చెప్పింది. "కాయితాలు ముట్టినయ్ సార్. గిప్పుడు నేను మీకు ఆరో నంబర్‌ను ముట్టజెప్పాలె. రాండ్రి."

డాక్టరు సగం గడ్డం గీసుకుని, సగం నురగతో దిగొచ్చాడు. నన్ను చూశాక ఆ మిగతా సగం గీసుకోవాలని ఆయనకు గుర్తుకు రాలేదు. థియేటరులో ఏ కత్తెర ఎక్కడుందో బ్రదర్‌కు తెలియదు. ఆమె చీర కొంగు దోపుకుని అన్నీ చూపించి, మత్తు డాక్టరు వచ్చేదాకా నా నాడి వదల్లేదు. థియేటరు తలుపు దగ్గర నా స్ట్రెచరు ఆపింది.

"ఆరో నంబర్ నీది తమ్మి," అని బ్రదర్‌తో అంది. తర్వాత నా మీదికి వంగింది. "నేను చెప్పిన దాంట్ల తప్పున్నదా సారు?"

లేదని తలూపాను. నేను ఆమెను చూడడం అదే ఆఖరు.

ఆ తర్వాత జరిగింది నేను పెళ్ళిళ్ళలో, పార్టీల్లో ఎన్నోసార్లు చెప్పాను. నా కడుపు కుట్టి బయటికొచ్చిన డాక్టరు, బల్ల మీద కూర్చున్న సిస్టరమ్మను చూసి, సగం గడ్డంతోనే సిగ్గుపడి, తన కారు తీయించాడు. డ్రైవరు ఆ కారును ఉరికించలేదు, ఎగిరించాడు. గోదావరి వంతెన మీద టైర్లు రెండుసార్లే ఆనాయి. ఆసిఫాబాద్ దాటాక అడవిలో నెమళ్ళు పక్కకు జరిగి దారిచ్చాయి. అయిదుకు అయిదు నిమిషాలుండగా కారు జైనూర్ దవాఖాన ముందు ఆగింది. గుమాస్తా పెన్ను మూత పెట్టబోతుంటే ఆమె దాన్ని అందుకుని సంతకం పెట్టింది. ఇక్కడికొచ్చేసరికి విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు.

ఇంటికొచ్చిన రెండు వారాలకు నేను ఆమెకు ఫోన్ చేశాను. ప్రాణదాత అనీ, దేవత అనీ మొదలుపెట్టబోయాను.

"సారు, నువ్విప్పుడు నా పేషెంటువు గాదు. బ్రదర్‌కు ఒప్పజెప్పిన. కుట్ల దగ్గర ఎర్రగయితె ఆయనకు చెప్పు."

"అది కాదు సిస్టరమ్మా, జైనూరు ఎట్లుంది?"

"జైనూరుకేం సారు, మంచిగుంటది."

ఉంటది అంది. ఉన్నది అనలేదు. మాటల మీద బతికే మనిషిని, ఆ తేడా నాకు అప్పుడు పట్టుబడలేదు.

ఇక నేను పుట్టించిన ముక్క ఒప్పుకోవాలి. ఆ కారు. కారు లేదు, వంతెన లేదు, నెమళ్ళు లేవు. ఆమె జైనూర్‌కు ఎట్లా పోయిందో ఇన్నేళ్ళూ నాకు తెలియదు. నేను అడగలేదు. అడగడం కంటే కారు పెట్టడం సులువు.

మొన్న ఆ ల్యాబునుంచి బయటికొచ్చి, మొదటిసారి బ్రదర్‌కు ఫోన్ చేసి అడిగాను. ఆయన చెప్పింది పెంచకుండా రాస్తున్నాను. బస్సు పోయింది. ఆమె తర్వాతి బస్సు ఎక్కి, మధ్యలో దిగి, జీపు పట్టుకుని పోయేసరికి ఆఫీసుకు తాళం పడింది. మర్నాడు తారీఖు దాటిందన్నారు, ఫైలు పై ఆఫీసుకు పోవాలన్నారు. నాలుగు నెలలు అటు పాత ఉద్యోగం లేదు, ఇటు కొత్తది లేదు. డాక్టరు మళ్ళీ రమ్మన్నాడట. నీ డ్యూటీ నువ్వే తీసుకో అక్కా, నేను వేరే చూసుకుంటా అని బ్రదర్ కూడా అన్నాడట. "ఒప్పజెప్పిన మంచాలు మల్ల అడుగుతరా తమ్మి?" అందట. చివరికి చేర్చుకున్నారు. జైనూర్‌లోనే చేస్తోందట.

ఆలస్యం ఎందుకైందో సంజాయిషీ రాసిమ్మన్నారట అప్పుడు. జిరాక్స్ దుకాణంలో దాన్ని కంప్యూటరు మీద కొట్టింది బ్రదరే. ఆరో నంబర్ పాణం పోతుంటే ఆగిన అని రాయి అక్కా, డాక్టర్ సారు కాయితాలు పట్టుకున్న సంగతి రాయి, అప్పుడు తొందరగ అయితది అని ఈయన బతిమాలాడట.

"పేషెంటు ముచ్చట ఆఫీసులకు రాస్తరా? గీ దవాఖాన ముచ్చట జైనూరుకెందుకు?" అని, ఆమె చెప్పి కొట్టించింది ఒకటే వాక్యం. "పాత చోట డ్యూటీ ఒప్పజెప్పి బయలుదేరుటలో ఆలస్యమైనది."

నేనయితే నలభై పేజీలు రాసేవాణ్ణి. ఆమె ఆ కాగితం పట్టుకుని నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. పోయిన ప్రతిచోటా ఇంకేమన్నా చెప్పేదుందా అని అడిగారట. రెండో వాక్యం రాయలేదు.